"పైన బాగానే ఉంటుందిలే" అట!

పొద్దున్నే ఫోను. ఆర్మీలో ఇంజినీర్ ఆఫీసర్‌గా చేస్తున్న మా తమ్ముడికి సంబంధం తెచ్చిన ఆవిడ, వరసకి అత్తయ్య, వృత్తికి పెళ్లిళ్ల పేరయ్య. స్పీకర్‌లో పెట్టమని మరీ చెప్పి, "అబ్బాయి ఇంజినీరే కదమ్మా, మరి సాఫ్ట్‌వేర్‌లో రాలేదా పాపం?" అంది. ఇక్కడిదాకా పర్లేదు, అలవాటైపోయింది. ఆ తర్వాత గొంతు తగ్గించి (స్పీకర్‌లో గొంతు తగ్గించడం ఏంటో ఆవిడకే తెలియాలి), "అయినా మిలటరీ ఇంజినీరంటే కాంట్రాక్టర్లు చుట్టూ తిరుగుతారు, జీతం ఎంతైతే ఏం, పైన బాగానే ఉంటుందిలే, అమ్మాయి వాళ్లకి అదే చెప్పాను" అంది. తిట్టలేదండోయ్, మెచ్చుకుంది! మా అమ్మ నవ్వి ఊరుకుంది. నేను ఊరుకోలేక ఇక్కడికొచ్చి పడ్డాను.

అసలు ఆర్మీలో ఇంజినీర్ ఆఫీసర్ అంటే ఏం చేస్తాడని మనవాళ్ల ఊహ? క్వార్టర్లకి సున్నం వేయిస్తాడు, నీళ్ల ట్యాంకు కడిగిస్తాడు, బిల్లు మీద సంతకం పెడతాడు. అంతేగా? నిజమే, మిలటరీ ఇంజినీర్ సర్వీసెస్‌లో పోస్టింగ్ పడితే ఆ పని కూడా చేస్తాడు, చెయ్యాలి కూడా, జవాన్ల పిల్లలు ఉండే ఇంటి కప్పు కారకూడదు కదా. కానీ అది కెరీర్‌లో ఒక ముక్క. మిగతాదంతా ఎవరికీ కనపడదు. దాడికి ట్యాంకులు బయలుదేరాలంటే వాటికంటే ముందు నేల మీద పాకి మందుపాతరలు తీసే వాడొకడుండాలి, ఆ వాడే ఇంజినీరు. 1948 ఏప్రిల్‌లో జమ్మూ కశ్మీర్‌లో నౌషేరా నుంచి రాజౌరీ దారిలో సెకండ్ లెఫ్టినెంట్ రామా రాఘోబా రాణే ఏం చేశాడో తెలుసా? మోర్టార్ దెబ్బ తగిలినా వెనక్కి పోలేదు. కదులుతున్న ట్యాంకు కింద తనూ పాకుతూ, పైనున్న డ్రైవర్‌కి తాళ్లు లాగి సైగలు చేస్తూ, అడ్డంకుల దగ్గరికి చేరాడు. పరమవీర చక్ర ఇచ్చారు. ఆయనకి పైన ఎంతొచ్చిందో మా అత్తయ్య కనుక్కుని చెప్తే బాగుండు.

అంత పాత కథెందుకు, 2024లో వయనాడ్ చూశారుగా. కొండచరియలు విరిగిపడి ఊళ్లకి ఊళ్లు కొట్టుకుపోతే చూరల్‌మలలో ఆర్మీ ఇంజినీర్ల దళం మద్రాస్ సాపర్స్ వాళ్లు 190 అడుగుల బెయిలీ బ్రిడ్జి (ఇనప ప్యానెళ్లని పిన్నులతో కలిపి కట్టే వంతెన) ఒకటిన్నర రోజులోపే నిలబెట్టారు. ఆ వంతెన మీద నిలబడ్డ మేజర్ సీతా షెల్కే ఫోటో మీరందరూ షేర్ చేశారు, లవ్ సింబల్స్ పెట్టారు, వారం తిరిగేసరికి మర్చిపోయారు. బెయిలీ బ్రిడ్జి ప్యానెల్ ఒక్కోటి పది అడుగుల పొడవు, బరువు రెండువందల యాభై కిలోల పైమాటే. క్రేన్ వచ్చేదాకా కూర్చోరు, ఆరుగురు కలిసి మోస్తారు, చిల్లులు ఒకదానికొకటి సరిగ్గా కుదిరాక పిన్ను దూర్చి సుత్తితో కొడతారు, తర్వాత మొత్తాన్నీ రోలర్ల మీద ఏటి అవతలికి తోస్తారు. వర్షంలో, బురదలో, కింద వరద పారుతుంటే. లెక్క తప్పితే బండితో సహా నీళ్లలోకే. మనకి ఇక్కడ ఫ్లైఓవర్‌కి ఏళ్లు పడుతుంది, దాని గురించి ఇంకో పోస్ట్ రాస్తా, ఇప్పుడు వద్దు.

లద్దాఖ్‌కి బైకుల మీద వెళ్లి ఉమ్లింగ్ లా అనే కనుమ దగ్గర సెల్ఫీలు దిగే బ్యాచ్ ఒకటుంది కదా. 19,024 అడుగులు. ఎవరెస్ట్ బేస్ క్యాంప్ కంటే ఎత్తు. అక్కడ నడిస్తేనే ఊపిరాడదు, అలాంటి చోట రోడ్డు ఎవరేశారు బాబూ, నీ ఇన్‌స్టా ఫాలోవర్లా? సరిహద్దుల్లో రోడ్లేసే ప్రభుత్వ సంస్థ, బోర్డర్ రోడ్స్ వాళ్లు. వాళ్లలో ఈ ఇంజినీర్ ఆఫీసర్లే ఉంటారు.

ఇక జీతం. మొదటి బేసిక్ 56,100, దానిమీద మిలటరీ సర్వీస్ పే 15,500, అలవెన్సులు. తక్కువేం కాదు, ఎవరి దగ్గరా చెయ్యి చాచక్కర్లేదు. రెండేళ్లకి కెప్టెన్, ఆరేళ్లకి మేజర్, పదమూడేళ్లకి లెఫ్టినెంట్ కల్నల్, మధ్యలో పార్ట్ బి, పార్ట్ డి అని ప్రమోషన్ పరీక్షలు. అక్కడిదాకా సర్వీసుతో వస్తుంది, కల్నల్ కావాలంటే సెలక్షన్ బోర్డు. అందులో ఆగిపోయినవాళ్లు పనికిరానివాళ్లేం కాదు, పైన సీట్లు తక్కువ, అంతే. ఇదంతా ఆవిడకి చెప్తే "అయితే ప్రమోషన్ గ్యారంటీ లేదన్నమాట" అంటుంది, నాకు తెలుసు.

ఆ మాటకొస్తే ఆర్మీ మాత్రం వీళ్లని నెత్తిన పెట్టుకుందా ఏంటి? ప్రేమీంద్ర సింగ్ భగత్ అని ఇంజినీర్ ఆఫీసర్ ఒకాయన. 1941లో ఆఫ్రికాలో నాలుగు రోజులపాటు, 55 మైళ్ల పొడవునా, పదిహేను మైన్‌ఫీల్డులు వెతికి తీయించాడు, కర్ణభేరి పగిలినా ఆగలేదు, బ్రిటిష్ వాళ్ల అత్యున్నత సాహస పతకం విక్టోరియా క్రాస్ వచ్చింది. లెఫ్టినెంట్ జనరల్ దాకా ఎదిగాడు. తర్వాతి చీఫ్ ఆయనే అని అందరూ అనుకుంటున్న టైములో ఉన్న చీఫ్‌కి పొడిగింపు ఇచ్చారు, ఈయన రిటైరైపోయాడు. ఒక ఇంజినీర్ ఆఫీసర్ ఆర్మీ చీఫ్ కుర్చీలో కూర్చోడానికి 2022 దాకా, జనరల్ మనోజ్ పాండే దాకా ఆగాల్సొచ్చింది.

మనవాళ్ల సంగతి ఇంకా విచిత్రం. కాటన్ దొర విగ్రహం లేని ఊరుందా గోదావరి జిల్లాల్లో? దండలు వేస్తాం, భగీరథుడంటాం, ఆయన పేరు చెప్పుకుని సంకల్పం చెప్పే పురోహితులున్నారు. ఆయనెవరు మరి? పదహారేళ్లకే మద్రాస్ ఇంజినీర్స్‌లో చేరిన మిలటరీ ఆఫీసరు! బర్మా యుద్ధానికి వెళ్లొచ్చినవాడు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలెట్టి 1852కి కట్టించాడు. ఆ నీళ్లతో పండిన అన్నం తరతరాలుగా తింటూ, అదే ఉద్యోగంలో చేరిన కుర్రాణ్ణి చూసి "పాపం" అంటారు.

మా వాడు ఇంటర్ అవగానే ఆర్మీ టెక్నికల్ ఎంట్రీలో (ఇంటర్‌తోనే ఆఫీసర్ ట్రైనింగ్‌కి తీసుకునే దారి) వెళ్తానంటే ఇంట్లో జరిగిన గోల నాకింకా గుర్తే. జేఈఈ స్కోరుతో షార్ట్‌లిస్ట్ అయ్యి, ఆఫీసర్లని ఎంపిక చేసే ఐదు రోజుల ఎస్ఎస్‌బీ ఇంటర్వ్యూ దాటి వాడు తిరిగొచ్చిన రోజు, మా బంధువుల్లో పెద్దమనిషి ఒకాయన మా నాన్నని పక్కకి పిలిచి "ఇంజినీరింగ్ సీటు డొనేషన్‌కి సర్దుబాటు కాకపోతే నన్నడగొచ్చుగా బావా" అన్నాడు. మా నాన్న ఆ రాత్రి అన్నం తినలేదు. ఆ పెద్దమనిషే ఇప్పుడు ఫోన్ చేసి ఆర్మీ క్యాంటీన్ కార్డు మీద ఫ్రిజ్ ఇప్పించమంటాడు, సిగ్గు లేకుండా.

ఇక్కడ కామెంట్లలోకొచ్చి "దేశసేవ చేసేవాళ్లు ఇలాంటివి పట్టించుకోకూడదు సిస్టర్" అని నీతులు చెప్పేవాళ్లకి ముందే చెప్తున్నా, వాడు పట్టించుకోడు, పట్టించుకునేది నేను, బ్లాక్ చేస్తా.