ట్యాంకు కట్టారు సరే, దాన్ని నడిపే మనిషి ఏడీ?

అనంతపురంలో నీళ్ల మాట ఎత్తితే చాలు, అందరూ టీఎంసీల దగ్గరే మొదలుపెడతారు. హంద్రీ-నీవా ఎంత ఎత్తిపోసింది, హెచ్చెల్సీకి (తుంగభద్ర ఎగువ కాలువకు) ఎంత వచ్చింది, పీఏబీఆర్‌లో (పెన్నా అహోబిలం రిజర్వాయర్‌లో) మట్టం ఎంత. మంచిదే. ఆ నీళ్లు ఊరి ట్యాంకు దాకా వచ్చాక, అక్కణ్ణుంచి ఇంటి కొళాయి దాకా నడిపించే మనిషి గురించి మాత్రం ఎవరూ నోరు విప్పరు. పైపులకు టెండరుంది, పంపులకు టెండరుంది, ట్యాంకుకు రంగు కొట్టడానికి కూడా ఎస్టిమేట్ ఉంది. మనిషిని తయారుచేయడానికేమో మీటింగు హాల్లో ఒక పూట క్లాసు, ఒక టీ, చివర్లో గ్రూప్ ఫొటో. దీన్నే శిక్షణ అంటున్నాం.

క్లోరిన్ సంగతే చూడండి. 60 వేల లీటర్ల ట్యాంకు అనుకుందాం. లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున వేయాలంటే మొత్తం 120 గ్రాముల క్లోరిన్ కావాలి. బ్లీచింగ్ పౌడర్‌లో 30 శాతం క్లోరిన్ ఉంటే 400 గ్రాముల పొడి సరిపోతుంది. ఇంతవరకు చిన్నపిల్లల లెక్క. చిక్కంతా ఆ 30 శాతం దగ్గరుంది. మూతి విప్పిన సంచి మన ఎండకీ పంపు రూములో చెమ్మకీ నెలల తరబడి పడుంటే బలం సగానికి దిగిపోవచ్చు. అప్పుడు అదే ట్యాంకుకు 800 గ్రాములు కావాలి. వాటర్‌మ్యాన్‌కు చెప్పిందేమో "రెండు గ్లాసులు వెయ్". ఏ పొడి? ఏ గ్లాసు?

పైగా చాలాచోట్ల పొడిని అలాగే ట్యాంకులో గుమ్మరిస్తారు. సున్నమంతా అడుక్కి చేరుతుంది, మందు అన్ని నీళ్లకూ సమంగా కలవదు. ప్లాస్టిక్ బకెట్లో ముద్దలా కలిపి, నీళ్లు పోసి పలచన చేసి, సున్నం అడుక్కి దిగాక పైన తేరిన నీళ్లు మాత్రమే ట్యాంకు నిండుతున్నప్పుడు పోయాలి. అరగంట ఆగి అప్పుడు వాల్వ్ తిప్పాలి. పరీక్ష ట్యాంకు దగ్గర చేస్తే లాభం లేదు; ఊరి చివరి కొళాయి దగ్గర లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ అయినా మిగలాలి. క్లోరిన్ ఉంటే పసుపు రంగు వచ్చే ఓటీ (ఆర్థోటోలిడిన్) ద్రావణం వాడితే రంగు వెంటనే చూడాలి. ఆలస్యమైతే ఇతర పదార్థాలతో కలిసిపోయిన క్లోరిన్ కూడా రంగు చూపిస్తుంది, లేని బలం ఉన్నట్టు కనిపిస్తుంది. ఇంకోటి, ఆ పొడి సంచిని మోటారు స్టార్టర్ ప్యానెల్ పక్కనే పెట్టకండి సామీ. దాని ఆవిరికి రాగి కాంటాక్టులు తుప్పు పడతాయి. తర్వాత "మోటారు ఎత్తుకోవడం లేదు" అని మెకానిక్‌ను పిలుస్తారు.

మోటారు కాలిపోవడం మనకు ఎంత మామూలైపోయిందంటే, అదేదో వానలా వచ్చిపోయేదన్నట్టు మాట్లాడతాం. నడుస్తున్న త్రీఫేజ్ మోటారుకు ఒక ఫేజ్ పోయినా అది ఆగదు. మిగిలిన రెండింటి మీదే కరెంటు ఎక్కువ లాక్కుంటూ తిరుగుతుంది, వైండింగ్ వేడెక్కి పోతుంది. దాన్ని ఆపడానికే ఓవర్‌లోడ్ రిలే ఉంది. మనవాళ్లు చేసేదేమంటే, రిలే పదేపదే ట్రిప్ అవుతోందని దాని స్క్రూ తిప్పి సెట్టింగ్ పెంచేస్తారు! నేమ్‌ప్లేట్ మీద ఫుల్‌లోడ్ కరెంటు 15 ఆంపియర్లు ఉంటే, స్టార్-డెల్టా స్టార్టర్‌లో రిలే వైండింగ్ వైపు ఉన్నప్పుడు దాన్ని 0.58 వంతుకు, అంటే 8.7కు పెట్టాలి. 15కు పెడితే రిలే ఉన్నా లేనట్టే. ఈ ఒక్క ముక్క ప్యానెల్ ముందు నిలబెట్టి చెప్పడానికి పది నిమిషాలు చాలు.

అమ్మీటరు చదవడం కూడా అంతే. కరెంటు ఒక్కసారిగా తగ్గిందంటే బోరులో నీళ్లు దిగిపోయి పంపు ఉత్తిగా తిరుగుతుండొచ్చు, కప్లింగ్ విరిగిపోయుండొచ్చు. పెరిగిందంటే ఇసుక పట్టిందో, బేరింగు పోయిందో, వోల్టేజీ పడిపోయిందో చూడాలి. సూది ఆడుతోందా లేదా అని మాత్రమే చూసేవాడికి ఇవేవీ తెలియవు.

ఇక బోరు కొలత. "రెండించుల నీళ్లు పడినాయి" అంటాం. 90 డిగ్రీల వి-నాచ్ మీద (నీళ్ల పారుదల కొలవడానికి 'వి' ఆకారంలో కోసిన పలక మీద) రెండించులంటే సెకనుకు సుమారు 0.8 లీటర్లు. నాలుగించులైతే దానికి రెట్టింపు అనుకుంటారు. నిజానికి ఐదున్నర రెట్లకు పైనే, సుమారు 4.5 లీటర్లు. ఈ తేడా తెలియకుండా పంపు సైజు ఎంచితే బోరు గంటలో ఎండి, మోటారు కాలుతుంది. అదీ డ్రిల్లింగ్ రోజు కంప్రెసర్ ఎగదన్నిన నీళ్లు, గంటల తరబడి తోడి చూసిన లెక్క కాదు. పంపు దించేటప్పుడే కాలమ్ పైపు (నీళ్లను పైకి తెచ్చే పైపు) పక్కన అరంగుళం పీవీసీ గొట్టం ఒకటి కట్టి దించితే, టేపు చిక్కుకోకుండా వారం వారం నీటిమట్టం కొలవచ్చు. మట్టం ఎలా దిగుతోందో ఫిబ్రవరిలోనే తెలిస్తే, ఏప్రిల్‌లో ట్యాంకర్ కోసం ధర్నా చేయాల్సిన పని తగ్గుతుంది.

ఫ్లోరైడ్ గురించి ఒక్క మాట. జేబులో టీడీఎస్ పెన్ను (నీళ్లలో కరిగిన లవణాలు మొత్తం ఎంతో చూపేది) పెట్టుకుని తిరిగేవాళ్లు పెరిగారు. ఆ పెన్ను ఫ్లోరైడ్‌ను చూపదు. టీడీఎస్ తక్కువున్న నీళ్లలోనూ ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటి ఉండొచ్చు. కాచితే పోదు, నీరు ఆవిరైనకొద్దీ చిక్కబడుతుంది. ప్రతి ఊళ్లో ఐదుగురు ఆడవాళ్లకు టెస్ట్ కిట్ వాడకం నేర్పాలని జల్ జీవన్ మిషన్ నిబంధన. మంచి ఆలోచన. కిట్‌లోని రసాయనాలకు గడువు ఉంటుందని, అయిపోతే మళ్లీ ఎవరు తెచ్చివ్వాలో కూడా రాసుకోవాలి కదా.

ఇదేమీ మనకు కొత్తగా తట్టాల్సిన సంగతి కూడా కాదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు చెబుతూ, నీటి శాస్త్రం తెలిసిన మనిషినీ, చెరువు పనిలో ఆరితేరిన పనివాళ్లనూ ఆ లెక్కలోనే చేర్చింది. మనుషులు కూడా చెరువులో భాగమే అన్నమాట. మన ఎస్టిమేట్లలో ఆ కాలమ్ ఎప్పుడు ఎగిరిపోయిందో మరి.

సివిల్ ఇంజనీరుకు పైపులో నీటి ఒరవడి లెక్క తెలుసు, ప్యానెల్ బోర్డు తెలియదు. ఐటీఐ ఎలక్ట్రీషియన్‌కు మోటారు తెలుసు, వాల్వ్ ఒక్కసారిగా మూస్తే లైన్లో పుట్టే దెబ్బ సంగతి తెలియదు. పైపు అతికేవాడు హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపుల అంచులను 210 డిగ్రీల ప్లేటు మీద కరిగించి కలుపుతాడు, కానీ చల్లారేదాకా ఒత్తిడి వదలకూడదన్నది పాటించడు. ఆ జాయింటు టెస్టింగులో నిలబడి, ఆర్నెల్లకు రోడ్డు కింద కారుతుంది. ముగ్గురికీ తెలిసింది ఒక్కరికైనా తెలిసేలా నేర్పాలి. నల్ జల్ మిత్ర పేరుతో కేంద్రం పెట్టిన కార్యక్రమం ఉద్దేశం కూడా ఇదే. దాన్ని హాల్లో ముగించేస్తే మాత్రం దండగ.

నేర్పితే వస్తుందనడానికి రుజువు మన దగ్గరే ఉంది. 2000ల దశకంలో అనంతపురం, కడప, కర్నూలుతో సహా ఏడు జిల్లాల్లో ఏపీ ఫామ్‌గ్స్ అనే, రైతులే భూగర్భజలాలను చూసుకునే ప్రాజెక్టు కింద రైతులే బోర్ల మట్టాలు కొలిచారు, వాన కొలిచారు, రబీకి ముందు కూర్చుని ఊరి నీటి లెక్క కట్టారు.

కాబట్టి అడగాల్సింది ఇది. శిక్షణ పంపు రూములో జరగాలి. పాడైన స్టార్టర్ ఒకటి, బలం తెలియని పొడి సంచి ఒకటి, కారుతున్న జాయింటు ఒకటి ముందు పెట్టి, చేసి చూపించినవాడికే సర్టిఫికెట్ ఇవ్వాలి. రెండేళ్లకోసారి మళ్లీ పరీక్ష పెట్టాలి. చేతికి కరెంటు కొలిచే క్లాంప్ మీటరు, వైండింగ్ ఇన్సులేషన్ చూసే మెగ్గర్, క్లోరిన్ చూసే క్లోరోస్కోపు, మట్టం కొలిచే టేపు ఇవ్వాలి. జీతం నైపుణ్యమున్న పనివాడి కూలి లెక్కన, నెలనెలా పడాలి. లేకుంటే నేర్చుకున్నవాడు బెంగళూరు బస్సెక్కుతాడు, అందులో అతని తప్పేమీ లేదు.