జాలి చాలదు, కంచె కావాలి

కొలువు ముగిసిన సైనిక జాగిలాన్ని ఇంటికి తెచ్చుకుంటామని ముందుకొచ్చేవారిని చాలాసార్లు నడిపించేది జాలి. సంతకం పెట్టేదాకా అది పనికొస్తుంది. ఆ సాయంత్రం నుంచి కావలసింది ఆరడుగుల కంచె, గట్టి క్రేట్ (కుక్కను పడుకోబెట్టే బోను), బోలెడంత ఓపిక.

అమెరికా నుంచి వియత్నాం యుద్ధానికి వెళ్లిన వేల జాగిలాల్లో అత్యధికం ఇల్లు చేరలేదు. సైన్యం లెక్కల్లో అవి సామగ్రి. సైనిక జాగిలాలను పౌరులకు దత్తత ఇచ్చే దారి తెరిచింది 2000లో అక్కడ వచ్చిన 'రాబీ చట్టం'. తొలి హక్కు మాత్రం వాటితో పనిచేసిన హ్యాండ్లర్లదే. అలాగే ఉండాలి కూడా.

ఇచ్చేముందు వైద్య పరీక్ష చేస్తారు, మూతికి చిక్కం కట్టి దాడి స్వభావం ఎంతుందో చూస్తారు. అందులో నెగ్గినంత మాత్రాన ఇంటి అలవాట్లు వచ్చేసినట్టు కాదు. కెన్నెల్లో, అంటే కుక్కల కొట్టంలో, పెరిగిన కుక్కకు నున్నటి గచ్చు, మెట్లు, మిక్సీ మోత అన్నీ కొత్తే. ఇంట్లో మూత్రం పోయకూడదనీ తెలియదు. కనీసం రెండు వారాలు ఇంట్లోనూ పట్టీతోనే తిప్పాలి, రాత్రి క్రేట్‌లో పడుకోబెట్టాలి, చుట్టాలను రానివ్వకూడదు.

అసలు చిక్కు బంతితో. పేలుడు పదార్థాలు పట్టే జాగిలం వాసన దొరికితే మొరగదు. కూర్చుని, కదలకుండా చూస్తుంది. పట్టినందుకు ఇచ్చే బంతే దానికి జీతం. కొత్త ఇంట్లో ఏ బీరువా ముందో అలా బిగుసుకుని కూర్చుందంటే జీతం అడుగుతోందన్నమాట. ఆ బంతిని చేత్తో లాక్కుంటే కాటు తప్పకపోవచ్చు. పసిపిల్లలున్న ఇంటికి ఇవ్వడానికి వెనకాడేది అందుకే. రెండో బంతి చూపించి మొదటిది వదిలించాలి, ఆట కాగానే రెండూ దాచేయాలి. టెన్నిస్ బంతి అసలొద్దు, పెద్ద దవడల కుక్కకు గొంతులో ఇరుక్కుంటుంది.

ఒంటి సంగతికొస్తే, ఎక్కువగా దెబ్బతినేది నడుం. వెనక కాళ్ల గోళ్లు పైవైపు అరిగి ఉంటే పాదం మడతపడి ఈడుస్తోందని అర్థం, వెన్నుపూస దగ్గర నరం నొక్కుకుపోతోందేమో చూపించాలి. కెన్నెల్ కంచె కొరికి కోరలు విరిగి ఉంటాయి. జీర్ణాశయం మెలిపడకుండా దాన్ని పొట్ట లోపలి గోడకు కుట్టే శస్త్రచికిత్స ముందే జరిగిందా అన్నది రికార్డులో చూసుకోవాలి.

మాకు మింగుడుపడనిది ఒక్కటే. సంతకం పడిన క్షణం నుంచి వైద్యం ఖర్చంతా తెచ్చుకున్నవారి నెత్తినే పడుతుంది. విమానాల్లోంచి, ట్రక్కుల మీంచి దూకి దూకి అరిగిన నడుం అది. సర్వీసు రికార్డులో నమోదైన వెన్ను, కీళ్ల జబ్బులకైనా మందుల ఖర్చు సైన్యమే భరించాలి. ఎక్స్‌రేలతో సహా పూర్తి రికార్డును సంతకానికి ముందే చేతికివ్వాలి, తర్వాత కాదు.