పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు
చిన్న ఆరోగ్య సంస్థలు రీసెర్చ్ చదవవు, అనుభవంతోనే నెట్టుకొస్తాయి అని మీ ఆర్టికల్‌లో రాశారు, అది సగమే నిజం. నేను మహారాష్ట్రలో, తెలంగాణ సరిహద్దున ఉన్న సిరోంచ వైపు ఒక చిన్న సంస్థలో ఆరేళ్లు చేశాను, మాకు ఎవిడెన్స్ అనేది పేపర్ రూపంలో ఎప్పుడూ రాలేదు, ట్రైనింగ్‌లో చూపించే బొమ్మల చార్టులా వచ్చింది అంతే. ఊరి ఆడవాళ్లకి నేర్పించి పసిబిడ్డల్ని ఇంటి దగ్గరే వాళ్లచేత చూపిస్తే చావులు తగ్గుతాయని తేల్చిన స్టడీ జరిగిందే మా గడ్చిరోలి జిల్లాలో, డాక్టర్ దంపతులు అభయ్ బంగ్, రాణి బంగ్ వాళ్లది, 39 ఊళ్లలో చేశారు, నెల లోపు పిల్లల మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ అనే మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఈ సంగతి నాకు తెలిసింది పనిలో చేరిన మూడేళ్లకి, అదీ బయటి నుంచి వచ్చిన డాక్టరు చెప్తే! ఇప్పుడు ఆశా కార్యకర్తలు కాన్పయ్యాక 3, 7, 14, 21, 28, 42 రోజులకి ఇంటికెళ్లడం వెనక ఉన్నది కూడా ఆ ఆలోచనే. కానీ మా చిక్కు వేరే, ఇక్కడి కోడలు కాన్పుకి ప్రాణహిత నది దాటి తెలంగాణలో అమ్మగారింటికి పోతుంది, మరి మూడో రోజు ఎవరు చూడాలి, ఈ ఒడ్డు ఆశానా ఆ ఒడ్డు ఆశానా? ఫారాలేమో మరాఠీలో, తల్లి మాట్లాడేది తెలుగు, లోపలి ఊళ్లలో అయితే మాడియా అనే గిరిజన భాష. దీనికి జవాబు వెతికితే మాకైతే ఏ పేపర్లోనూ దొరకలేదు, చివరికి ఒక నోట్‌బుక్ పెట్టి అవతలి ఆశాల ఫోన్ నంబర్లు రాసుకుని, అమ్మాయి పడవెక్కిన రోజే ఫోన్ చేసేవాళ్లం. దీన్ని మీ ఆర్టికల్ అనుభవం అంటుందా ఎవిడెన్స్ అంటుందా?