మ్యాక్ అడ్రస్ గారికి ఒక కస్టమర్ మొర

శ్రీయుత మ్యాక్ అడ్రస్ గారికి,

హనుమకొండ నుంచి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం, మొన్న రాత్రి ఉరుములకు పోయిన నా కంప్యూటర్ ల్యాన్ కార్డు (నెట్ కేబుల్ గుచ్చేది) తప్ప. మీ క్షేమం వేరే అడగక్కర్లేదు. కార్డు కాలిపోయినా, కార్డుకు కంపెనీ వేసిన గుర్తింపు నంబరైన మీరు మాత్రం ఇంటర్నెట్ వాళ్ల సర్వర్‌లో చల్లగా కూర్చున్నారని నిన్న మధ్యాహ్నం తెలిసింది.

వరంగల్ చౌరస్తా దాకా పోయి కొత్త కార్డు తెచ్చి బిగించాను. కేబుల్ పెట్టగానే పచ్చ లైటు వెలిగింది. నెట్ మాత్రం రాలేదు. ఫోన్ చేస్తే కుర్రాడు తేల్చేశాడు: "కార్డు మార్చినవా అన్నా? నీ కనెక్షన్‌కు పాత కార్డు మ్యాక్ బైండ్ అయి ఉంటది, వేరే కార్డుకు నెట్ రాదు. క్లియర్ చెయ్యాలంటే సార్ ఉండాలె. సార్ లేడు, రేపు చూద్దాం."

ఆ రేపు ఎలాంటి రేపో మీకు తెలియంది కాదు.

ఆరేళ్లుగా నెలనెలా డబ్బు కడుతున్నది నేనండీ. నా ఆధార్ జిరాక్సు, రెండు పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు వాళ్ల దగ్గరే ఉన్నాయి. బిల్లు రెండు రోజులు లేటైతే నన్ను పేరు పెట్టి పిలుస్తారు. నెట్ ఇవ్వాల్సి వచ్చేసరికి నేనెవరో తెలియదు, మీరే కావాలి! ఇంతకీ మీరెవరు? ఆరు జతలు, పన్నెండు గుర్తులు. మొదటి మూడు జతలు ఐ ట్రిపుల్ ఈ అనే ఇంజనీర్ల సంస్థ వాళ్లు కంపెనీకి ఇచ్చిన ఇంటిపేరు, మిగతా మూడూ కంపెనీ పెట్టిన పేరు. పోనీ పలుకుబడి ఏమైనా ఉందా అంటే, మొదటి రౌటర్ దాటాక మిమ్మల్ని అడిగే నాథుడు లేడు.

సరే, పోయినవాడి పేరే కావాలంటే అదే పెట్టుకుందాం అనుకున్నాను. నా కంప్యూటర్‌ను నడిపే లినక్స్ సిస్టంలో అదెంత పని? కార్డును ఆఫ్ చేసి దించాలి, అడ్రస్ చెప్పాలి, మళ్లీ లేపాలి. మూడు లైన్లు. (ఇదే ముక్కను ఫ్రీబీఎస్‌డీ అనే మరో సిస్టంలో 'ఈథర్' అనాలి, ఓపెన్‌బీఎస్‌డీ అనే ఇంకోదాంట్లో 'ఎల్‌ఎల్‌యాడర్' అనాలి. ఒక్క పనికి ఊరికో పేరు.)

కానీ పాత అడ్రస్ ఏది? కాలిన కార్డు మీద అగ్గిపెట్టెలో సగం కూడా లేని స్టిక్కర్ ఉంది. దాని మీద మసి. వేలు తడి చేసి తుడిచి, ఫోన్ టార్చ్ వేసి, కళ్లద్దాలు పైకెత్తి చదివాను. మొదటి జతలో రెండో గుర్తు 'డి'. అలాగే కొట్టాను. అడిగిన అడ్రస్ ఇవ్వడం కుదరదంది సిస్టం. ఎందుకు కుదరదు? అది చెప్పదు. మళ్లీ కొట్టాను, కుదరదు. పర్మిషన్ అనుకున్నాను. డ్రైవర్ అనుకున్నాను. ఆఖరికి కార్డు అమ్మిన షాపతన్ని కూడా అనుమానించాను, పాపం. అన్నం చల్లారింది, అమ్మ రెండుసార్లు పిలిచి ఊరుకుంది.

రెండు గంటలు పోయాక తెలిసింది, మొదటి జత బేసి సంఖ్య అయితే అది ఒక కార్డు పేరు కాదట, గుంపు పేరట. మల్టీకాస్ట్ అంటారు. ఒక్కడికి గుంపు పేరు పెట్టకూడదు. ఈ లెక్కలో 9 తర్వాత 'ఎ', 'బి', 'సి' అని వస్తాయి, ఆ వరసలో 'డి' 13, బేసి. అంటే నేను చూసింది 'డి' కానే కాదు. ఎడమ పక్క మసి గీత అంటిన సున్నా!

బేసి. రెండక్షరాలు. ఆ రెండక్షరాలు చెప్తే మీ సొమ్మేం పోయిందయ్యా?

చివరి జతలో ఉన్నది ఎనిమిదా, 'బి'నా అని ఇంకో పేచీ. ఎనిమిది పెడితే రాలేదు, 'బి' పెడితే వచ్చింది. నాలుగుంపావుకు నెట్ వచ్చింది. ఐదుకు కరెంటు పోయింది. మళ్లీ ఆన్ చేస్తే పాత అడ్రస్ మాయం. నేను చెప్పింది సిస్టం బుర్రలోంచి పోయింది, కొత్త కార్డు తన పుట్టుపేరుతో లేచి కూర్చుంది. నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో 'క్లోన్డ్ అడ్రస్' అని ఒక గడి ఉంటుంది, అందులో రాస్తేగానీ నిలబడలేదు.

ఇప్పుడు చెప్పు. అవును, నువ్వే. మర్యాద చాలు. మూడు లైన్లు కొడితే ఎవడైనా తొడుక్కోగలిగే చొక్కావి నువ్వు. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి ఫోన్లే ఒక్కో వైఫైకి ఒక్కో దొంగ అడ్రస్ చూపిస్తున్నాయి. అలాంటి నిన్ను చూసి వాళ్లు తలుపు తీస్తారు, ఆరేళ్ల కస్టమర్ గుమ్మంలో నిలబడితే రేపు రమ్మంటారు. కాలిపోయిన కార్డు వేషం కడితే తప్ప నా డబ్బుతో నడిచే నెట్ నాకు రాలేదు. సిగ్గు నీదా, వాళ్లదా, అర్ధరాత్రి దాకా ఆలోచించినా తేలలేదు.

రాత్రి తొమ్మిదికి మెసేజ్ వచ్చింది. నా కంప్లైంట్ పరిష్కరించారట.

ఎందుకైనా మంచిదని నీ పన్నెండు గుర్తుల్నీ స్కెచ్ పెన్నుతో క్యాలెండర్ మీద రాసుకున్నాను, పాల లెక్క పక్కన, 'బి' కింద రెండు గీతలు గీసి మరీ. పొద్దున అమ్మ చూసి, ఇదెవరి నంబరు బిడ్డా అని అడిగింది.

మనదే అన్నాను.

ఇట్లు,
మీ పేరు మీద బతుకుతున్న
ఒక కస్టమర్