భీమిలి గాలి, సింహాచలం కొండ, బొండాల ఆటో

మా తోడల్లుడుగారు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీలో పెద్ద ఉద్యోగం చేస్తారు. వరసకి నాకు అన్నగారు. ఆ మధ్య డాక్టరు ఆయన్ని బరువు తగ్గమంటే, వెళ్లి బరువు తక్కువ సైకిల్ కొన్నారు. ఎనిమిది కిలోలట. లక్షా డెబ్బై వేలట. జూన్ మొదటి వారంలో, బడులు తెరిచేలోగా, పిల్లల్ని కారులో, సైకిల్ని కారు వెనక పెట్టుకుని విశాఖ దిగారు.

మా మామగారు పోర్టులో చేసి రిటైరైన మనిషి. సైకిల్ చుట్టూ ఓ ప్రదక్షిణ చేశారు.

"స్టాండు ఏది బాబూ?"

"దీనికుండదు మామయ్యగారూ."

"బెల్లు?"

"ఉండదండీ."

"మడ్గార్డులు, క్యారియరు..."

"బరువు కదండీ."

మామగారు కాసేపు ఆలోచించి, "మిగతావి విడిగా పంపిస్తారా?" అన్నారు.

అన్నగారు నవ్వి ఊరుకుని, రాత్రంతా ల్యాప్‌టాప్ ముందు కూర్చుని రూటు గీశారు. ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా ఒడ్డున పెట్టిన జలాంతర్గామి దగ్గర బయల్దేరి సముద్రం పక్కనే భీమిలి. తిరిగి జోడుగుళ్లపాలెం దాకా వచ్చి, అక్కణ్ణుంచి లోపలికి మళ్లి హనుమంతవాక, ముడసర్లోవ, అడివివరం. ఆఖర్న సింహాచలం ఘాట్ రోడ్డు ఎక్కడం. కాఫీ ఇవ్వడానికి వచ్చిన అత్తగారు స్క్రీన్ మీద ఆ గీత చూసి, "ఇందులో కొంత మేం గిరిప్రదక్షిణలో నడిచే దారే కదా" అన్నారు. ఆవిడ ప్రతి ఆషాఢ పౌర్ణమికీ ఆ 32 కిలోమీటర్లూ చెప్పుల్లేకుండా నడిచి వచ్చి, మర్నాడు పొద్దున్నే అట్లు పోస్తారు.

"అది వాకింగ్ అత్తయ్యగారూ, ఇది ఎండ్యూరెన్స్" అన్నారు అన్నగారు.

తెల్లవారుజామున ఐదింటికి ఆయన తయారై హాల్లోకి వచ్చారు. ఒంటికి అతుక్కున్న చొక్కా, దానికి వీపు వెనక మూడు జేబులు, మెత్త కుట్టిన నిక్కరు. మంచినీళ్ల చెంబుతో ఎదురొచ్చిన అత్తగారు ఆ మెత్త చూసి అట్నుంచటే వంటింట్లోకి తిరిగిపోయారు. లోపల మా ఆవిడతో గొంతు తగ్గించి అన్న మాట నాకు వినపడింది: "పెద్దల్లుడుగారికి మొలలేమైనా ఉన్నాయేమో, మీ అక్కని అడుగు."

నాకు మామగారి పాత నల్ల సైకిల్ ఇచ్చారు. ఇరవై రెండు అంగుళాలది. దానికి స్టాండు, బెల్లు, క్యారియరు, డైనమో, ఫ్రేముకి తగిలించిన పంపు, అన్నీ ఉన్నాయి. అన్నగారి దానికి స్టాండు లేదు కాబట్టి ఆ రోజంతా దాని స్టాండు నేనే.

ఇక్కడ గాలి సంగతి చెప్పాలి. జూన్‌లో మన తీరానికి గాలి నైరుతి నుంచి వస్తుంది. బీచ్ రోడ్డు కూడా నైరుతి నుంచి ఈశాన్యానికే పోతుంది. అంటే భీమిలి వెళ్లేవాణ్ణి గాలి వీపు మీద చెయ్యేసి తోస్తుంది. వచ్చేటప్పుడు అదే చెయ్యి ఛాతీ మీద వేస్తుంది. ఈ ఊళ్లో పుట్టిన ఎవరికైనా తెలిసిన విషయమే. అన్నగారు నన్ను అడగలేదు.

తెన్నేటి పార్కు దాటాక ఆయన స్పీడు చూడాలి. కైలాసగిరి పక్కనుంచి, సాగర్‌నగర్ మీదుగా, తొక్కినట్టే లేకుండా పోతున్నారు. చేతి గడియారం నాకేసి తిప్పి, "ముప్ఫై రెండు! సీ లెవెల్లో ఆక్సిజన్ ఎక్కువ తమ్ముడూ. ఆర్నెల్లుగా చేసిన ట్రైనింగ్ ఇప్పుడు బయటపడుతోంది" అని అరిచారు. రోడ్డు పక్క తాటాకులన్నీ భీమిలి వైపే ఎగురుతున్నాయి. బహుశా అవి కూడా ట్రైనింగ్‌లోనే ఉన్నాయి.

రుషికొండ దగ్గర బారికేడ్లు అడ్డం వచ్చాయి. ఆయన బూట్ల కింద ఇనప ముక్కలుంటాయి. అవి పెడల్లో టక్కున ఇరుక్కుంటాయి. ఊడదీయాలంటే మడమ పక్కకి తిప్పాలి. తిప్పాలని గుర్తుండాలి. అన్నగారు బ్రేకు వేశారు, సైకిల్ ఆగింది, కాలు రాలేదు. ఆగిన సైకిల్ ఏం చేస్తుంది, పడుతుంది. అదీ గబుక్కున కాదు. నెమ్మదిగా, చుట్టుపక్కల అందరూ తల తిప్పి చూసేదాకా టైమిచ్చి మరీ పడింది. పక్కనే బెంగాలీ యాత్రికుల బస్సు ఆగి ఉంది. జలాంతర్గామి చూసి వస్తున్నారట. ఇదీ చూశారు.

ఇద్దరు ముగ్గురం పరుగెత్తి లేవదీశాం. మోచెయ్యి గీసుకుపోయి రక్తం వస్తోంది. ఆయన ముందు గడియారం చూసుకున్నారు. తొక్కిన దూరం, స్పీడు రాసుకునే యాప్ అందులో ఉంది.

"దెబ్బ తగిలిందా అన్నగారూ?"

"లేదు, యాప్ నడుస్తూనే ఉంది" అన్నారు తేలిగ్గా ఊపిరి పీల్చుకుని.

తొట్లకొండ దాటాం. బౌద్ధుల కాలం నాటి ఆరామం ఉన్న కొండ అది. పైకెక్కి చూద్దామంటే "యావరేజ్ పడిపోతుంది" అన్నారు. ఎర్రమట్టి దిబ్బల దగ్గరా అదే జవాబు. సముద్రం ఒడ్డున అలాంటి ఎర్ర దిబ్బలు ఏర్పడటానికి వేల ఏళ్లు పట్టింది. మా దగ్గర ఐదు నిమిషాలు లేవు. భీమిలిలో మాత్రం ఆగారు. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, లైట్‌హౌస్, డచ్చివాళ్ల సమాధులు, చూడాలంటే బోలెడున్నాయి. డచ్చి సమాధుల దగ్గర సైకిల్ని గోడకి ఆనించి అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీశారు. లోపలికి రమ్మంటే, గోడ బాగుంది చాలన్నారు.

ఇడ్లీలు తిని వెనక్కి తిరిగాం. తిరగ్గానే గడియారంలో ముప్ఫై రెండు పోయి పదమూడు వచ్చింది. ముందు ఆయన గడియారాన్ని అనుమానించారు. తర్వాత గేరు మార్చారు. అది చాలక ఇంకోటి మార్చారు. ఇరవై రెండు గేర్లలో చివరిదాకా వెళ్లాక దిగి, "తమ్ముడూ, వెనక బ్రేకు పట్టేసినట్టుంది, చూడు" అన్నారు. సైకిల్ ఎత్తి చక్రం తిప్పాను. ఎంతసేపటికీ ఆగలేదు. "ఏమీ పట్టలేదండీ." "అయితే ముందుది చూడు."

పెద్దాయన ఒకరు మామూలు సైకిల్ మీద, వెనక గడ్డిమోపుతో, లుంగీ ఎగ్గట్టి మమ్మల్ని దాటిపోయారు. అన్నగారు అటు చూడకుండా సముద్రం కేసి చూశారు.

మంగమారిపేట దగ్గర 'టప్' మంది. గాలంముల్లు. వెనక టైర్లో నిలువునా దిగింది.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని. పడవలన్నీ ఇసుక మీదే ఉంటాయి, మత్స్యకారులు నీడన కూర్చుని వలలు బాగుచేసుకుంటూ ఉంటారు. అంటే, ఆ టైములో ఆ ఊళ్లో పంక్చరైతే సలహాలకి కొదవుండదు. మేం సైకిల్ తలకిందులు చెయ్యగానే పదిమంది చేరారు.

"ఏటైంది బావూ?"

"పంక్చరు."

"ఆ కాళ్లకేటి, లాడాలు కొట్టించుకున్నావేటి?" బూట్లు చూసి ఓ ముసలాయన అడిగాడు. ఆయన అడగడంలో వెటకారం లేదు. నిజంగా తెలుసుకుందామనే.

అన్నగారు మాట్లాడకుండా పని మొదలుపెట్టారు. కొత్త ట్యూబు ఉంది. ఎక్కించారు కూడా, నేర్పుగానే. ఇక గాలి కొట్టాలి. మామగారి పంపు తీసి ఇచ్చాను. సరిపడలేదు. మన సైకిళ్లకి లావుపాటి వాల్వు, లోపల వాల్‌ట్యూబు ఉంటాయి. ఆయన సైకిల్‌కి ఉన్నది ప్రెస్టా వాల్వు. సన్నగా, పొడుగ్గా ఉండి, కొసన బుల్లి మర ఉంటుంది. మర వదులు చేస్తే తప్ప లోపలికి గాలి పోదు.

"వాల్‌టూబేది?" అన్నాడు పంక్చర్ షాపు కుర్రాడు, ఎవరో పిలిస్తే వచ్చి.

"దీనికుండదు."

"స్టాండూ లేదు, బెల్లూ లేదు, వాల్‌టూబూ లేదు. ఏటుంది మరి?"

షాపులో కంప్రెసర్ ఉంది గానీ దాని మూతి మోటార్‌సైకిల్ వాల్వులకి. దీనికి అడాప్టర్ కావాలి. ఇత్తడి ముక్క, వేలి గోరంత. అన్నగారికి ఉందట. హైదరాబాద్‌లో. బయల్దేరే ముందు సైకిల్ బరువు తగ్గించడానికి అక్కర్లేని సామానంతా తీసేస్తూ దాన్నీ తీసేశారు. అది మూడు గ్రాములుంటుందట.

"కంగారు లేదు, సీఓటూ ఉంది" అంటూ వెనక జేబులోంచి బొటనవేలంత సిలిండర్ తీశారు. పదహారు గ్రాముల కార్బన్ డయాక్సైడ్. వాల్వుకి బిగించి విప్పితే రెండు సెకన్లలో టైరు గట్టిపడిపోతుందని అందరికీ వివరించారు. జనం ఇంకో అడుగు ముందుకొచ్చారు.

"అదేటి గాసు?"

"కార్బన్ డయాక్సైడ్. సోడాలో ఉంటుందే, అదే."

"సోడా గాసా!" మాట నోటి నుంచి నోటికి పడవల దాకా వెళ్లింది. పిల్లలు కూడా వచ్చేశారు.

అన్నగారు సిలిండర్ విప్పారు. బిగింపు ఎక్కడో వంకరగా పడ్డట్టుంది. బుస్సున తెల్లటి పొగ వచ్చి, గ్యాసంతా ఆయన బొటనవేలికీ వాల్వుకీ మధ్యలోంచి సముద్రం మీదికి పోయింది. వేలు మంచుగడ్డ కట్టినంత పనైంది. ఆయన చెయ్యి విదిలించుకుంటూ గంతులేస్తుంటే పిల్లలు చప్పట్లు కొట్టారు. టైరు మాత్రం ఎలా ఉన్నది అలాగే ఉంది.

"సోడా బండోడు బడికాడ ఉంటాడు. పిలుచుకురమ్మంటావా బావూ?" అన్నాడు ముసలాయన. ఆయనది నిజమైన సహాయం. అన్నగారు ఒక్క క్షణం ఆలోచించారు కూడా. నేను చూశాను.

అప్పుడొచ్చింది ట్రాలీ ఆటో, భీమిలి వైపు నుంచి, కొబ్బరి బొండాలతో. సింహాచలం కొండ మీద షాపులకి వేస్తాడట. పదిమందీ కలిసి ఆటో ఆపారు, పదిమందీ కలిసి బేరమాడారు, మమ్మల్ని ఏమీ అడగకుండానే సైకిల్ పైకెత్తేశారు. డ్రైవర్ కుర్రాడు నా కేసి చూసి, "మీ సైకిల్‌కేటైంది సార్?" అన్నాడు. ఏమీ కాలేదు. కానీ జోడుగుళ్లపాలెం దాకా ఎదురుగాలి ఉంది, ఆటోలో చోటూ ఉంది. మామగారి సైకిల్ని కూడా ఎక్కించాను.

అన్నగారు బొండాల మీద కూర్చుని, లక్షా డెబ్బై వేలని ఒళ్లో పెట్టుకున్నారు. గాలి ఇప్పుడు హాయిగా ఉంది. హనుమంతవాక, ఆరిలోవ, ముడసర్లోవ చెరువు, అడివివరం. అత్తగారు ఏటా నడిచే దారిలో మేం వెనక్కి వెళ్తున్నాం, కూర్చుని. ఆయన మధ్యమధ్య కళ్లు తెరిచి రోడ్డు వాలు ఎంతుందో చెప్పి మళ్లీ మూస్తున్నారు. ఘాట్ రోడ్డు మలుపుల్లో బొండాలు అటు దొర్లినప్పుడు అటు, ఇటు దొర్లినప్పుడు ఇటు వాలాం. గుర్రుపెట్టారని నేను అనను, కానీ ఒకసారి సైకిల్ బెల్లు కొట్టి లేపాల్సి వచ్చింది.

కొండ మీద దిగాక ఆ నిక్కరుతో గుడి వైపు వెళ్లడానికి మొహమాటపడి, డ్రైవర్ దగ్గర తువ్వాలు అడిగి నడుముకి చుట్టుకున్నారు. బూట్లతో నాలుగడుగులు వేస్తే రాతి మీద టకటక మోగి జారుతున్నాయి. చేత పట్టుకున్నారు. నరసింహస్వామి దర్శనం అయింది. పులిహోర తిన్నాం. కింద ఉప్పూ కారం చల్లిన సింహాచలం అనాసపండు ముక్కలు తిని, ఖాళీ ఆటోలోనే ఇంటికి చేరాం. పొద్దుటి నుంచి నాకు బాగా నచ్చినవి అవే, అనాస ముక్కలు.

మామగారు తన సైకిల్ చుట్టూ ఓసారి తిరిగి చూసుకుని, "నలగలేదే!" అన్నారు. ఇద్దరం విననట్టు లోపలికి పోయాం.

రాత్రి భోజనాల దగ్గర అన్నగారి ఫోన్ టింగుమంటూనే ఉంది. యాప్‌ని ఎవరూ ఆపలేదు. అది మంగమారిపేట నుంచి కొండ మీది దాకా మొత్తం తొక్కినట్టే రాసుకుంది. సింహాచలం ఘాట్ గంటకి ముప్ఫై ఐదు కిలోమీటర్ల స్పీడులో ఎక్కారట. ఆ కొండని అందరికంటే వేగంగా ఎక్కినందుకు కిరీటం బొమ్మ వచ్చింది. హైదరాబాద్‌లో ఆయన సైక్లింగ్ గ్రూపంతా దండాలు, చప్పట్లు, మంటల బొమ్మలు పంపుతోంది. వాళ్లలో ఓ డాక్టరున్నాడట. గడియారం పంపిన లెక్కలన్నీ ఆయన శ్రద్ధగా చూసి, 'అంత ఎక్కుడులో హార్ట్ రేట్ డెబ్బై రెండా? నా సర్వీసులో చూడలేదు' అని రాశాడు.

"తీసెయ్యండి అన్నగారూ, నవ్వులపాలవుతాం" అన్నాను.

"జీపీఎస్ రాసినదాన్ని మనం దిద్దకూడదు తమ్ముడూ" అన్నారు ఆయన, మోచేతికి పసుపు పెట్టించుకుంటూ.

అత్తగారు మజ్జిగ పోస్తూ, "పంక్చరైతే కొండెలా ఎక్కారు?" అన్నారు. పెరుగన్నం చాలా బాగుందన్నాం ఇద్దరమూ. ఆవిడ పోసింది మజ్జిగ.

మర్నాటికి గ్రూపు తీర్మానం వచ్చేసింది. ఆ టెక్నిక్ దగ్గరుండి నేర్చుకోవడానికి వచ్చే నెలలో అందరూ విశాఖ వస్తున్నారు, డాక్టరుతో సహా, మిషన్లు పట్టుకుని. అన్నగారు మెసేజ్ పూర్తిగా చదివి, ఫోన్ బోర్లా పెట్టి, వీధి గుమ్మం దాకా వచ్చి నన్ను పక్కకి పిలిచారు.

"తమ్ముడూ, ఆ బొండాల అబ్బాయి నంబరు తీసుకున్నావా?"