పిల్లల సినిమాయే కదా అనకండి

వేసవి సెలవులిస్తే చాలు, హైదరాబాద్ నుంచీ బెంగళూరు నుంచీ మనవలూ మనవరాళ్లూ గోదావరి జిల్లాల్లోని అమ్మమ్మగారి ఇళ్లలో దిగుతారు. నాలుగు రోజులు కొబ్బరితోటల్లో తిరిగి, కాలవలో కాళ్లు తడుపుకొని, ఐదో రోజుకి బోర్ కొడుతోందంటారు. అప్పుడు అందరినీ ఆటో ఎక్కించి అమలాపురమో తణుకో కాకినాడో తీసుకెళ్లి ఒక బొమ్మల సినిమా చూపించుకు రావడం ఇక్కడ ఆనవాయితీ అయిపోయింది. తిరిగొచ్చాక ఎలా ఉందని అడిగితే పెద్దవాళ్ల జవాబు దాదాపు ఒకటే: "బాగానే ఉందండీ, పిల్లలు అల్లరి చేయకుండా కూర్చున్నారు."

ఇదే పెద్దమనిషి హీరో సినిమా చూసొస్తే భీమవరం టీ కొట్టు దగ్గర గంటసేపు వదలడు. సెకండాఫ్ ల్యాగ్ అంటాడు, క్లైమాక్స్ తేలిపోయిందంటాడు, రీరికార్డింగ్ లేకపోతే సినిమా లేదంటాడు. తెలుగు ప్రేక్షకుడికి సినిమా చూడటం తెలియదని ఎవరూ అనలేరు. కార్టూన్ సినిమా దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ తెలివినంతా చెప్పులతో పాటు బయటే విడిచి లోపలికి వెళ్తున్నాడు. పిల్లలు నోరు మూసుకుని కూర్చోవడమే లెక్కయితే ఫోన్‌లో రీల్సూ ఆ పని చేస్తాయి, టికెట్టు కూడా అక్కర్లేదు.

ఫ్యామిలీ సినిమా అని పోస్టర్ మీద వేసినప్పుడు ఆ ఫ్యామిలీలో నాయనమ్మ కూడా ఉంటుంది. ఆవిడ టికెట్టుకూ డబ్బులిస్తున్నాం. ఆవిడకు తెర మీద ఏముంది? ఇలాంటి సినిమాను తూచేటప్పుడు మొదట అడగాల్సిన ప్రశ్న ఇదేనని మా అభిప్రాయం.

ఈ ప్రశ్న మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. కాకినాడ దగ్గర మాధవపట్నం తోలుబొమ్మలాటకు పేరుమోసిన ఊరు. తెర వెనక దీపం, తోలు మీద రంగులు, ఒకే మనిషి నలుగురి గొంతులతో మాట్లాడటం... యానిమేషన్‌కు కావలసిన సరంజామా అంతా అందులో ఉంది, కంప్యూటర్ తప్ప. రామాయణ కథ నడుస్తుండగా మధ్యలో కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క దూకేవారు. వాళ్ల గెంతులకు పిల్లలు నవ్వేవారు; వాళ్ల మాటల్లోని మొగుడూపెళ్లాల సరసానికి పెద్దవాళ్లు నవ్వేవారు. పిల్లలకు అర్థం కాని చోట పెద్దలకు అర్థమయ్యేది, అయినా ఆట అందరిదీ. ఈ పని ఇవాళ బాగా చేస్తున్న సినిమాలు కొన్ని ఉన్నాయి, చేతకాక పిల్లచేష్టలతో సరిపెట్టేవి చాలా ఉన్నాయి.

చేసిన వాటిలో 2009లో వచ్చిన పిక్సార్ చిత్రం 'అప్' ముందు గుర్తొస్తుంది. మొదట్లోనే కొన్ని నిమిషాలపాటు ఒక్క మాట లేకుండా ఒక దంపతుల జీవితం మొత్తం చూపిస్తారు. దూరదేశపు జలపాతం చూడాలని వాళ్లు సీసాలో చిల్లర దాచుకుంటారు. కారు టైరు పోతుంది, సీసా పగులుతుంది. కాలు విరుగుతుంది, మళ్లీ పగులుతుంది. ఇంటి మీద చెట్టు పడుతుంది, మళ్లీ. పుట్టబోయే బిడ్డ కోసం గదికి రంగులు వేసుకుంటారు, ఆ తర్వాత డాక్టరు గదిలో ఆవిడ తల దించుకొని కూర్చుని ఉంటుంది. ఏం జరిగిందో ఎవరూ చెప్పరు. చెప్పక్కర్లేదు కూడా. చిట్టీ కట్టి బంగారం కొనాలనుకుని ఆ డబ్బు ఆసుపత్రికి పెట్టిన ఇల్లాలు మన డెల్టాలో ఏ వీధిలోనైనా కనిపిస్తుంది. ఆమెకు సబ్‌టైటిల్ కూడా అవసరం లేని సన్నివేశం అది. పక్కన ఉన్న పిల్లాడు ఎగరబోయే ఇంటి కోసం ఎదురు చూస్తుంటాడు. ఇద్దరూ ఒకే సినిమా చూస్తున్నారు. అంతా అయ్యాక ఇదే సినిమాలో ముసలి సాహసికుడు విలన్‌గా తేలి వెంటపడటాలూ వేలాడటాలూ మొదలవుతాయి. ఆ భాగం మొదటి భాగానికి దీటుగా లేదని అనడానికి మొహమాటపడక్కర్లేదు.

రెండో ప్రశ్న నటన గురించి. బొమ్మకు నటనేమిటి అనుకోవచ్చు. నిజానికి అక్కడే పట్టి చూడాలి. మనిషి నటుడైతే తనకు తెలియకుండానే రెప్ప వేస్తాడు, గుటక వేస్తాడు. బొమ్మ వెయ్యదు. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున గంటన్నర సినిమాకు లక్షా 29 వేల పైచిలుకు ఫ్రేములు. వాటిలో ప్రతి రెప్పపాటూ ఎవరో ఒకరు కూర్చుని నిర్ణయించినదే. కాబట్టి బొమ్మ మొహం బిగుసుకుపోయి ఉంటే అది అలా కుదిరిందని సర్దుకోనక్కర్లేదు, పని తక్కువైందని అర్థం చేసుకోవాలి.

'లయన్ కింగ్' రెండు రూపాల్లోనూ చూసినవాళ్లకు ఈ తేడా తెలుస్తుంది. 1994లో చేత్తో గీసిన సినిమాలో తండ్రి శవం పంజా కిందకు దూరి పడుకునే సింహపు పిల్ల మొహంలో ఏడుపంతా కనిపిస్తుంది. 2019లో అదే కథను అచ్చం అడవిలో కెమెరా పెట్టి తీసినట్టు చేశారు. జూలులో ఒక్కో వెంట్రుకా లెక్కపెట్టొచ్చు. నిజమైన సింహానికి కనుబొమలు ఎగరెయ్యడం రాదు కనుక తెర మీది సింహానికీ రాలేదు. దుఃఖమూ కోపమూ ఒకే మొహంతో వెళ్లిపోయాయి. సాంకేతికతకు వంక పెట్టలేం. బొమ్మ ఎందుకు గీస్తారో మాత్రం మరిచిపోయారనిపిస్తుంది. నరసాపురంలో పుట్టిన బాపు ఒక్క గీతతో బొమ్మ మనిషి స్వభావం చెప్పేవారు. ఆ గీతలు చూస్తూ పెరిగిన ప్రాంతంవాళ్లం మనం వెంట్రుకల లెక్కకు మురిసిపోతే ఎలా?

అదే 2019 సినిమాను తెలుగులో నిలబెట్టింది గొంతులు. కథానాయకుడైన సింహం సింబాకు నాని, విలన్ స్కార్‌కు జగపతిబాబు. వాళ్ల సంగతలా ఉంచితే నవ్వించే పుంబా, టిమోన్ల జంటకు బ్రహ్మానందం, అలీ గొంతు ఇచ్చారు. ఒకరు అత్తిలి కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పిన మాజీ లెక్చరర్, ఇంకొకరు రాజమండ్రి బిడ్డ. మాట ఎక్కడ విరవాలో ఎక్కడ మింగాలో ఇద్దరికీ పుట్టుకతో వచ్చింది. తెర మీద కదలని మొహాలకు వాళ్ల గొంతులు ప్రాణం పోశాయి. 2024 డిసెంబరులో సింబా తండ్రి కథగా వచ్చిన 'ముఫాసా'కు మహేశ్‌బాబు గొంతు హాళ్లు నింపింది. జనాన్ని రప్పించడానికి అది మంచి ఎత్తుగడే. సినిమాలో మునిగిపోవాల్సిన చోట కూడా సింహం బదులు హీరో గుర్తొస్తుండటం దానికి మనం చెల్లించే ధర.

స్టార్లు లేని పాత్రల పరిస్థితి ఏమిటన్నది అసలు బాధ. చాలా డబ్బింగుల్లో తల్లి పాత్ర కన్నబిడ్డతో మాట్లాడే తెలుగు ఏ ఊళ్లోనూ ఏ తల్లీ మాట్లాడని తెలుగు. పెదవుల కదలికకు సరిపెట్టాలనే తొందరలో మాటలు ఇంగ్లిషు వాక్యం వెంట పరిగెడతాయి. వెటకారానికి మారుపేరైన గోదావరి జిల్లాల్లో పుట్టిన పిల్లలు వెటకారం లేని జోకులు విని మర్యాదకు నవ్వుతున్నారు. పిల్లలు భాష నేర్చుకునే వయసులో చూసే సినిమాలివి. ఈ లోపం పోస్టర్ మీద కనిపించదు కనుక ఎవరికీ పట్టడం లేదు.

ఇక మన సొంత సినిమా. 2025 జులై 25న వచ్చిన 'మహావతార్ నరసింహ' ఈ దేశంలో బొమ్మల సినిమాకు డబ్బులు రావన్న మాటను చెరిపేసింది. అశ్విన్ కుమార్ దర్శకత్వంలో వచ్చిన ఈ చిత్రం 300 కోట్ల పైన వసూలు చేసిందని ట్రేడ్ వర్గాలు లెక్కగట్టాయి. ప్రహ్లాదుడి కథ పోతన పుణ్యమా అని తెలుగింట్లో అందరికీ తెలిసిందే. తెలిసిన కథకే హాల్లో చేతులు జోడించారు. స్తంభం చీలాక వచ్చే చివరి భాగం, సామ్ సీఎస్ సంగీతం, ఆ ఉగ్రరూపం తీర్చిదిద్దిన పద్ధతి, వీటికి ఆ దండాలు దక్కాల్సిందే.

దేవుడి కథ కదా, వంకలు పెట్టకూడదంటే మాత్రం మేము ఒప్పుకోం. మొదటి సగంలో పాత్రలు నడుస్తుంటే వీడియో గేమ్ గుర్తొస్తుంది. హిరణ్యకశిపుడి గొంతు ఉరుముతుంటే మొహం పలకదు. కాకినాడలో నాటకాలాడి వచ్చిన ఎస్వీ రంగారావు 1967లో అదే పాత్ర వేశారు. కొడుకును ఒళ్లో కూర్చోబెట్టుకున్న తండ్రి మురిపెం, మరుక్షణం హరి పేరు విన్న రాక్షసుడి కోపం, రెండూ ఆయన కళ్లల్లోనే మారేవి. బొమ్మకు అంత రావాలని అడగడం అత్యాశ అంటారేమో. తక్కువ బడ్జెట్‌తో ఇంత సాధించినవాళ్లను అడగకపోతే ఇంకెవరిని అడుగుతాం? 1993 నాటి ఇండో-జపాన్ రామాయణం 2025 జనవరిలో హాల్లోనో అంతకుముందు టీవీలోనో చూసినవాళ్లకు, చేత్తో గీసిన రాముడి చిరునవ్వు ఎంత హాయిగా ఉంటుందో తెలుసు. భక్తి కథలో నెమ్మదికి కూడా చోటుంటుంది.

భయం విషయంలో తల్లిదండ్రులు అడిగే ప్రశ్న న్యాయమైనదే. పిల్లలు భయపడే సన్నివేశాలు ఉండొచ్చా? ఉండొచ్చు. తల్లి చనిపోవడం, తండ్రి చనిపోవడం చూపించని గొప్ప బొమ్మల సినిమాలు తక్కువే. అభిమన్యుడి కథ చెప్పకుండా మనమూ పిల్లల్ని పెంచలేదు. భయపెట్టాక తేరుకోవడానికి కాస్త వ్యవధి ఇచ్చారా, భయం నుంచి ఇంకో భయంలోకి తోసేశారా అన్నది చూడాలి. పేగులు తీసే దృశ్యం ఐదేళ్ల పిల్లకు త్రీడీలో అవసరమా అన్నది ఇంట్లోవాళ్లు ముందే ఆలోచించుకోవాలి. 2024 సెన్సారు నిబంధనలతో యూఏ సర్టిఫికెట్టులో 7+, 13+, 16+ అని మూడు తరగతులు వచ్చాయి. అది నిషేధం కాదు, పెద్దలకు సూచన మాత్రమే. టికెట్టు కొనేముందు ఆ అంకె చూసేవాళ్లు ఎంతమంది?

విదేశీ సినిమాలు అన్నీ బంగారమేమీ కాదు. అందరూ నమ్మిన మంచివాడే చివర్లో విలన్‌గా తేలడం 2013 'ఫ్రోజెన్' నాటికి తమాషాగా ఉండేది. 'జూటోపియా', 'కోకో' వచ్చేసరికి పదేళ్ల పిల్లలే ఇంటర్వెల్‌లో సమోసా తింటూ విలన్ పేరు చెప్పేస్తున్నారు. పక్కన ఒక తింగరి జంతువు, ప్రతి పది నిమిషాలకు ఒక ఛేజింగు, హిట్టయితే రెండో భాగం, మూడో భాగం. మన టీవీ కార్టూన్లదీ ఇంకో మూస: లడ్డు తినడం, శత్రువును చితక్కొట్టడం, ఆ లడ్డూలు అందించే పని మాత్రం ఎప్పుడూ ఆడపిల్లది.

ఈ మూసలన్నీ పక్కనపెట్టి తీసిన సినిమా ఒకటి మన డెల్టావాళ్లు తప్పక చూడాలి. లాత్వియా దేశపు గింట్స్ జిల్బలోడిస్ తీసిన 'ఫ్లో'. ఉచితంగా దొరికే బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌తో చేశారు, 2025 మార్చిలో ఆస్కార్ గెలిచింది. ఒక్క డైలాగు లేదు, జంతువులు జంతువుల్లాగే అరుస్తాయి. కథ అంతా వరదే. నీళ్లు పెరుగుతుంటాయి, ఒక పిల్లి ఎత్తయిన చోటు వెతుక్కుంటూ పోయి చివరికి ఒక పడవెక్కుతుంది. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశారని విన్న లంక గ్రామస్థులకు ఈ సినిమా గురించి ఎవరూ వివరించి చెప్పక్కర్లేదు. 1986 వరద చూసిన పెద్దవాళ్లూ, 2022 జులైలో గేదెల్ని ఏటిగట్టు మీదికి తోలుకొచ్చిన ఇళ్ల పిల్లలూ పక్కపక్కనే కూర్చుని చూడాల్సింది.

ఆ పడవలో లీమర్ అనే కోతిలాంటి జంతువు ఒకటి ఉంటుంది. బుట్ట నిండా పనికిమాలిన సామాన్లు, చేతిలో అద్దం. ఊరు మునుగుతున్నా అది బుట్ట వదలదు. నాటు పడవ వచ్చి ఎక్కమంటుంటే గోడ మీది పెళ్లి ఫొటో కోసం మళ్లీ ఇంట్లోకి వెళ్లే మనుషుల్ని ఎరిగిన ప్రాంతం ఇది. ఆ లీమర్‌ను చూసి పిల్లలు నవ్వుతారు. పెద్దలకు నవ్వు వస్తుందో లేదో చెప్పలేం. వెన్నెముక ఉన్న సినిమాయే, అయినా లోపాలు లేకపోలేదు: చివర్లో పిల్లికి తోడుగా వచ్చిన పక్షి ఆకాశంలోకి మాయమయ్యే ఘట్టం అందంగా ఉన్నా అంతుపట్టదు, కొన్నిచోట్ల బొమ్మల అంచులు మొద్దుగా ఉంటాయి. డబ్బు తక్కువైన చోటు కనిపిస్తుంది, ఆలోచన తక్కువైన చోటు కనిపించదు.

ఇంత మంచి సినిమాలకు డెల్టాలో తెర దొరకడం కష్టం. పెద్ద హీరో సినిమా పడితే బొమ్మల సినిమాకు మిగిలేది ఉదయం ఆట. పిల్లలకు బడి ఉన్న రోజు ఉదయం ఆట ఎవరు చూస్తారు? సెలవుల్లోనైనా ఆదివారం మ్యాట్నీ ఒకటి వీటికి వదలమని థియేటర్ల యజమానులను కోరుతున్నాం. నాయనమ్మలు ఎండకు వెరిచినా ఏసీకి వస్తారు. మాటలు లేని సినిమాను బడిలో చూపించడానికి భాష అడ్డు కూడా రాదు, ప్రొజెక్టరు ఉన్న హైస్కూళ్లు ఆలోచించాలి.

మా సినిమా పేజీకి కూడా ఒక మాట చెప్పుకున్నాం. ఇకపై బొమ్మల సినిమాకు మూడు లైన్లతో సరిపెట్టం, హీరో సినిమాకు ఇచ్చినంత జాగా ఇచ్చి అంత నిక్కచ్చిగానూ రాస్తాం. డబ్బింగ్ చేయించే సంస్థలకు మా విన్నపం ఒక్కటే. స్టార్ గొంతుకు ఇచ్చే పారితోషికంలో పదో వంతు మాటల రచయితకు కేటాయించండి. పరిషత్తు నాటకాలకు సంభాషణలు రాసి చేయి తిరిగినవాళ్లు ఈ రెండు గోదావరి తీరాల్లోనూ ఉన్నారు, పిలిస్తే వస్తారు.