ఇంట్లో బీరు చేద్దామనుకునే వాళ్ళు ముందు ఈస్ట్‌ని సాకడం నేర్చుకోండి

ఈ మధ్య మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక రకం వీడియోలు తెగ తిరగతా ఉండాయి, ఇంట్లోనే మూడు రోజుల్లో బీరు అని. ఇరవై లీటర్ల వాటర్ క్యాన్‌లో పంచదార నీళ్ళు, బేకరీ ఈస్ట్ రెండు స్పూన్లు, రంగు కోసం ఏదో మాల్ట్ పౌడర్ ప్యాకెట్, మూత గట్టిగా బిగించి మిద్దె మీద ఎండలో పెట్టమంటారు. మొన్న నెల్లూరు దగ్గర ఇందుకూరుపేటలో టీ తాగతా ఉంటే మన పిలకాయలే అది నాకు చూపించి, "అన్నా, నువ్వు అమెరికాలో చేసొచ్చావంట కదా, ఇది కరెక్టేనా, మనం గూడా ఒక క్యాన్ వేద్దామా" అని అడిగారు. టీ తాగే టైములో చెప్తే తెగే విషయం కాదు, అందుకే ఇక్కడ రాస్తుండా. పెద్ద పోస్టే, తీరిగ్గా చదవండి.

సూటిగా చెప్తా. అది బీరు కాదు, పైగా ప్రమాదం. పంచదార పులిస్తే బరువులో దాదాపు సగం కార్బన్ డయాక్సైడ్ అయి బయటికి వస్తాది. కిలో పంచదార పూర్తిగా పులిసిందంటే రెండొందల యాభై లీటర్ల పైన గ్యాస్. మూత బిగించేస్తే అది యాడికి పోవాల? మిద్దె మీద చిన్న పిల్లోళ్ళు ఆడుకుంటా ఉంటారు, బట్టలు ఆరేసే దానికి ఆడోళ్ళు ఎక్కతా దిగతా ఉంటారు. అదే గాజు సీసాల్లో పోసి మూత కొట్టారంటే ఇంకా ఘోరం, సీసా పగిలి పెంకు కంట్లో పడితే ఏం చేస్తారు? ఆ వీడియోలో దీని గురించి ఒక్క ముక్క లేదు, నాకు కోపం వచ్చింది అక్కడే.

నాది రొయ్యల పని. రొయ్య పిల్లల్ని పుట్టించే హేచరీలో నేర్చుకుని ఇప్పుడు సొంతంగా గుంటలు చేస్తుండా. మా తమ్ముడు డల్లాస్‌లో ఉంటాడు, పోయినేడు పంట పట్టినాక అమ్మని తీసుకుని వాడి దగ్గరికి పోయి కొన్నాళ్ళు ఉన్నాం. వాడు ఇంట్లో బీరు చేసుకుంటాడని ముందే తెలుసు గానీ మొదటి నుంచి చివరిదాకా నా చేత్తో నేను ఒక బ్యాచ్ చేసింది మాత్రం అప్పుడే. చేసినాక నాకు గట్టిగా అనిపించింది ఏందంటే, బీరుని మనం చేయం. మనం తీపి నీళ్ళు కాచి ఇస్తాం అంతే, బీరు చేసేది ఈస్ట్ అనే కంటికి కనపడని జీవి. గుంటలో రొయ్యని ఎట్టా సాకతామో దాన్నీ అట్టా సాకాల. నీళ్ళు, శుభ్రం, వేడి, మేత సరిగ్గా కుదిరితే దాని పని అది చేసుకుంటాది, ఒకటి చెడిందంటే రెసిపీ ఎంత గొప్పదైనా మొత్తం పారబోసుకోవాల్సిందే. జర్మనీలో బవేరియా వాళ్ళు 1516లో బీరుకి రూలు పెట్టారు, బార్లీ, హాప్స్ (చేదు, వాసన ఇచ్చే ఒక తీగ పూలు), నీళ్ళు, ఈ మూడు తప్ప ఇంకేదీ వాడకూడదని. అందులో ఈస్ట్ పేరే లేదు, అట్టాంటి జీవి ఒకటి ఈ పని చేస్తా ఉండాదని అప్పటికి తెలీదు, పంతొమ్మిదో శతాబ్దంలో పాశ్చర్ లాంటోళ్ళు మైక్రోస్కోప్ పెట్టి చూసేదాకా లోకానికి అర్థం కాలా. వాళ్ళకంటే తెలీదు. ఇప్పుడు అన్నీ తెలిసిన కాలంలో గూడా ఈస్ట్‌ని రెండు స్పూన్లు అని చెప్పి వదిలేస్తే ఎట్టా?

మాల్ట్ సంగతి మన ఇళ్ళలో ఆడోళ్ళకి బో బాగా తెలుసు. రాగులు నానబెట్టి, గుడ్డలో మూట గట్టి, మొలక లేచినాక ఆరబెట్టి, వేయించి మర పట్టిస్తారు కదా, బార్లీతో చేసేదీ అదే. మొలక వచ్చేటప్పుడు గింజలో ఎంజైములు పుడతాయి, ఆ నలగ్గొట్టిన గింజల్ని 65 డిగ్రీల నీళ్ళలో గంట సేపు ఉంచితే అవి పిండి పదార్థాన్ని చక్కెరగా మారుస్తాయి. మొదటి బ్యాచ్‌కి అంత దూరం పోకుండా మేము ఆ పని ముందే అయిపోయిన మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ తెచ్చుకున్నాం. 5 గ్యాలన్లు, అంటే 19 లీటర్లు, మామూలు పేల్ ఏల్, అదొక లేత రంగు బీరు రకం. గంట సేపు మరగనిచ్చాం, మొదట్లో వేసిన హాప్స్ చేదు కోసం, దించే ముందు వేసినవి వాసన కోసం. ఇల్లంతా హార్లిక్స్ వాసన, అది గూడా మాల్టే కాబట్టి. అమ్మ వంటింట్లోకి వచ్చి గుండిగలోకి తొంగి చూసి "ఇదేందిరా, ఇది తాగితే ఎక్కుతాదా" అంది. "ఇప్పుడు పిల్లోళ్ళకి పోసినా ఏం కాదమ్మా, ఇంకా పులవలేదు" అన్నాడు తమ్ముడు.

పొయ్యి ఆపిన నిమిషం నుంచే అసలు పని మొదలవుతాది, వీడియోలన్నీ గాలికొదిలేసేదీ ఇక్కడే. మరిగేదాకా ఏ పురుగు పడినా చస్తాది. ఆ తర్వాత 20 డిగ్రీలకి చల్లారేటప్పుడు, అంత తీపి, అంత గోరువెచ్చదనం, బ్యాక్టీరియాకి అంతకంటే ఏం కావాల? దానికి తగిలే ప్రతి గరిటె, పైపు, మూత, చెయ్యి, అన్నీ శానిటైజర్‌లో ముంచి తీయాల. హేచరీలో ఒక ట్యాంకు మగ్గు ఇంకో ట్యాంకులో ముంచితే ఏమవుతాదో తెలిసినోళ్ళకి దీన్ని విడమరిచి చెప్పనవసరం లేదు. అయితే మన వాళ్ళు జాగ్రత్త పడాల్సింది ఒకటుంది, మనకి శుభ్రం అంటే బ్లీచింగే గుర్తొస్తాది. బీరు దగ్గర బ్లీచింగ్ మిగిలిపోయిందంటే ఆ క్లోరిన్ మాల్ట్‌లో ఉండే ఫినాల్స్ అనే పదార్థాలతో కలిసి ఆస్పత్రి మందుల వాసన పట్టుకుంటాది, చాలా కొంచెం ఉన్నా చాలు నోట్లో తెలిసిపోతాది. కుళాయి నీళ్ళలో క్లోరిన్‌కి గూడా ఇదే లెక్క. గుంటలో సీడ్, అంటే రొయ్య పిల్లల్ని, వదిలే ముందు మనం థయోసల్ఫేట్ వేసి క్లోరిన్ విరగ్గొట్టమా, బీరు చేసేవాళ్ళు మెటాబైసల్ఫైట్ బిళ్ళ చిన్న ముక్క వేస్తారు. కడిగే దానికి ఫాస్ఫారిక్ యాసిడ్‌తో చేసిన శానిటైజర్ వస్తాది, మళ్ళీ నీళ్ళతో కడగాల్సిన పని లేదు.

ఇంకో తేడా గూడా గుర్తు పెట్టుకోవాల. మన గుంటలో నీళ్ళకి గాలి కొట్టే ఏరేటర్లు రాత్రంతా తిరగాల్సిందే, కరెంటు పోతే గుండె జారిపోతాది. ఈస్ట్‌కి మాత్రం మొదట్లో ఒక్కసారి గాలి కావాల, బాగా కుదిపి ఇస్తే అది పిల్లలు పెట్టుకుంటాది. అక్కడ్నుంచి గాలి తగిలితే చెడుపు. ఎయిర్‌లాక్ అనేది అందుకే, లోపలి గ్యాస్ నీళ్ళలోంచి బుడగలుగా పోతాది, బయటి గాలి లోపలికి రాదు.

ఇక వేడి. నా మాట ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. మామూలు ఏల్ ఈస్ట్‌కి 18 నుంచి 22 డిగ్రీలు హాయి. పులిసేటప్పుడు అది సొంతంగా వేడి పుట్టిస్తాది, గది కంటే లోపల మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువ ఉంటాది. మరి మన నెల్లూరు, ఒంగోలు మే నెలలో? రోహిణి కార్తెలో రాత్రి పదింటికి గూడా గోడలు కాలతా ఉంటాయి. ఆ వేడికి ఏల్ ఈస్ట్ చాలా మటుకు పిచ్చి పట్టినట్టు పని చేస్తాది, బీరులో ఉండకూడని ఘాటు ఆల్కహాళ్ళు పుడతాయి, నెయిల్ పాలిష్ వాసన కొడతాది. దాన్ని తాగి "ఇంట్లో చేసుకుంటే భలే కిక్కురా" అంటారు చూడండి, అది కిక్కు కాదు నాయనా, అది సాకడం చేతకాక ఈస్ట్‌ని బాధ పెట్టిన ఫలితం. ఎండలో పెట్టమనడం అన్నిటికంటే తప్పు, హాప్స్‌కి ఎండ తగిలితే కంపు పడతాది, బీరు సీసాలు గోధుమ రంగులో ఉండేది ఎందుకనుకున్నారు?

మన వేడి చూసి ఇక ఇది మన దేశాలకి కాదని నేను అనను. నార్వేలో వోస్ అనే ప్రాంతం ఉంది, అక్కడి రైతుల ఇళ్ళలో తరతరాలుగా కాపాడుకొచ్చిన ఈస్ట్ ఉంది, క్వైక్ అంటారు. ఆరబెట్టి దాచుకుని, ఒకరిది చెడిపోతే పక్కింటోళ్ళ దగ్గర తెచ్చుకునే వాళ్ళు. ఆ వోస్ క్వైక్ 35, 40 డిగ్రీల్లో గూడా ఏ చెడు వాసనా లేకుండా చక్కగా పులుస్తాది. అంత చలి దేశం వాళ్ళ ఇంటి ఈస్ట్ మన కోస్తా ఎండకి సరిపోతాదంటే నాకు భలే ఆశ్చర్యం వేసింది.

డల్లాస్‌లో మేము గాజు బుడ్డీలో పోసి బట్టల అలమారలో, చీకట్లో పెట్టాం. మర్నాడు పొద్దున తలుపు తీసి చూస్తే పైన నాలుగు వేళ్ళ మందాన నురగ, మధ్య మధ్యలో హాప్స్ పిప్పి పచ్చగా అంటుకుని ఉంది, కింద ఎవరూ కదపకుండానే ద్రవం మొత్తం సుడి తిరగతా ముక్కలు పైకొస్తా కిందికి పోతా ఉండాయి. ఎయిర్‌లాక్ టిక్ టిక్ మంటా ఉంది. అమ్మ, మరదలు, పిల్లలు అందరూ వచ్చి నిలబడి చూశారు. బతికున్న దాన్ని చూస్తుండామని అక్కడున్న అందరికీ తెలిసింది. ఆ నురగ తగ్గినాక గూడా తొందరపడకూడదు. మనం గుంట నీళ్ళలో ఉప్పు, అదే సెలినిటీ, చూసుకున్నట్టు వాళ్ళు హైడ్రోమీటర్‌తో సాంద్రత చూస్తారు, చక్కెర పులిసే కొద్దీ అది దిగతాది. ఉత్త నీళ్ళు 1 అనుకుంటే మాది మొదట 1.050, చివరికి 1.010కి దిగింది, అంటే 5 శాతం పైన కొంచెం ఆల్కహాల్. రెండు మూడు రోజులు అదే నంబర్ మీద నిలబడితేనే సీసాల్లోకి పోయాల. అప్పుడు లీటరుకి ఆరు ఏడు గ్రాముల చక్కెర, తూకం వేసి, చేత్తో ఉజ్జాయింపుగా కాదు, కలిపి మూత కొడితే లోపల సరిపడా గ్యాస్ పుడతాది. మళ్ళీ రెండు వారాలు ఆగాల. సీసా తెరిస్తే సన్నగా బుస్సుమంది, తాగితే ముందు తీపి, వెనకాల చేదు, నారింజ తొక్క వాసన. బాగుంది, నిజంగా బాగుంది.

ఇక రెండో పక్క నుంచి వచ్చే మాట. మా ఊళ్ళో ఒక పెద్దాయన నన్ను నిలబెట్టి "సారా కాయడం నేర్చుకోను అమెరికా పోయావా" అన్నాడు. ఆయన మీద నాకు కోపం లేదు. మనది ఏ జిల్లా? నెల్లూరు. 1992లో దూబగుంట ఆడోళ్ళు సారా అంగడి మూయించిన జిల్లా మనది. ఆ పోరాటంలో ముందు నిలబడిన రోశమ్మ గారి పేరు తెలీని ఇల్లు లేదు ఈడ. ఆ కదలిక ఊరూరా పాకి, 1993 అక్టోబర్ నుంచి రాష్ట్రమంతా సారా బంద్ అయింది, 1995 జనవరిలో ఎన్టీఆర్ పూర్తి మద్య నిషేధమే తెచ్చారు, 1997లో దాన్ని సడలించారు. మా అవ్వ గూడా చీపురు కట్ట పట్టుకుని అంగడి ముందు కూర్చుంది. కూలి డబ్బులు ఇంటికి రాక ముందే అంగట్లో పడిపోయే రోజులవి, దాన్ని నేను ఒక్క అక్షరం గూడా తక్కువ చేయను.

కానీ పులియబెట్టడం వేరు, బట్టీ పెట్టడం వేరు. బీరుని కాచి ఆవిరి పట్టరు, మామూలు బీరు 5 శాతం దగ్గరే ఆగతాది. బార్లీని పులియబెడితే మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ పుట్టేది లెక్కలోకి రానంత కొంచెం. నాటు సారా తాగి గుంపులు గుంపులుగా చనిపోయారని వింటా ఉంటాం కదా, అందులో చాలా వరకు ఫ్యాక్టరీల్లో వాడే మిథనాల్ తెచ్చి కలపడం వల్లే. ఈ తేడా జనానికి తెలియాల, తెలీకపోతే ఒక పక్క భయం, ఇంకో పక్క ఆ క్యాన్ వీడియోలు, మధ్యలో పద్ధతి తెలిసినోడు ఒక్కడూ మిగలడు.

చట్టం సంగతికొస్తే, 1968 నాటి మన ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా మత్తు పానీయం ఏది తయారు చేసినా నేరమే, సొంతానికైనా సరే. కాబట్టి పిలకాయలారా, క్యాన్ వద్దు, కేసుల్లో ఇరుక్కోవద్దు. అమెరికాలో గూడా 1920 నుంచి 1933 దాకా నిషేధమే, అది పోయినా ఇంట్లో బీరు చేసుకునే దానికి మాత్రం 1978లో జిమ్మీ కార్టర్ సంతకం పెట్టేదాకా దారి లేదు. ఇప్పుడు ఇంట్లో ఒక్క పెద్ద మనిషి ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు ఆపైన ఉంటే 200, అమ్మకూడదు. బీరుకీ వైన్‌కీ ఇచ్చారు ఆ వెసులుబాటు, బట్టీ పెట్టే దానికి ఇవ్వలా. మనకీ అట్టాంటిది కావాలని నేను గట్టిగా అంటా. అంత గూడా అక్కర్లేదు, ఇంటికి ఏడాదికి యాభై లీటర్లు చాలు, పేరు నమోదు చేయించుకోవాల, ఇరవై ఒకటి దాటినోళ్ళే, అమ్మితే జైలు, బట్టీ కనపడితే జైలు. ఆ రూలు రాసే ముందు దూబగుంట లాంటి ఊళ్ళకి పోయి ఆడోళ్ళని కూర్చోబెట్టి అడగాల, వాళ్ళు వద్దంటే ఎందుకు వద్దంటారో రాసుకోవాల. వాళ్ళని అడక్కుండా తెస్తే నేనే ఒప్పుకోను.

అప్పటిదాకా మా ఇంట్లో నేను ఒక్క సీసా గూడా పెట్టను. డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉండే మన జిల్లా వాళ్ళు ఎవరన్నా మొదటి బ్యాచ్ వేస్తుంటే ఇన్‌బాక్స్‌లో రాయండి, నాకు తెలిసినంత చెప్తా. రెసిపీ పంపే ముందు మీరు బుడ్డీ పెట్టే చోట పగలు ఎంత, రాత్రి ఎంత, థర్మామీటర్ చూసి రెండు నంబర్లూ పంపండి.